మంగళవారం అయ్యగారు

వానకు ఉబ్బిన తలుపు ఎంత తోసినా తెరుచుకోలేదు. ఇష్బెల్ భుజంతో ఒక్క గుద్దు గుద్దింది. తలుపుతోపాటు తానూ లోపలికి వెళ్లి బిస్కెట్ల డబ్బా మీద పడింది.

"మంచి పని చేశావు. మెత్తబడిపోయాయి, పారేద్దామనే అనుకుంటున్నా," అన్నాడు లోపలున్న గడ్డపాయన. "దెబ్బ తగిలిందా తల్లీ?"

"లేదండీ. నా పేరు ఇష్బెల్. పాస్టరు అయ్యగారి కోసం వచ్చాను."

స్కాట్లాండ్‌లోని అబెర్డీన్‌లో యూనివర్సిటీ వెనక వీధిలో చిన్న ఇల్లు అది. చదువుకునేవాళ్లయినా, పాఠాలు చెప్పేవాళ్లయినా, గేటు కాసేవాళ్లయినా మనసు బాగాలేకపోతే అక్కడికి వెళ్లొచ్చు. టీ ఇస్తారు. చెప్పింది వింటారు. అడిగితే ప్రార్థన చేస్తారు. రోజుకొకరిది వంతు.

"పాస్టరమ్మ ఐల్సా గురువారం వస్తారు. మంగళవారాలు నేనుంటాను. నా పేరు ఫిన్లే. కానీ ముందు నేనెవరో నీకు..."

"గురువారం దాకా ఆగలేను అయ్యగారూ. గంటలో బస్సు, ఆ తర్వాత పడవ. శుక్రవారం మా అక్క పెళ్లి."

"అయ్యగారు అనకు. ఫిన్లే చాలు."

మంచి పాస్టర్లంతా ఇలాగే అంటారని ఇష్బెల్ అనుకుంది. లూయిస్ దీవిలో పుట్టి పెరిగిన పిల్ల. ఆ దీవిలో గడ్డం, ముతక స్వెటరు, నెమ్మదైన మాట ఉన్నవాడు పాస్టరైనా అయి ఉంటాడు, జాలరైనా అయి ఉంటాడు. ఇక్కడ చేపల వాసన రావడం లేదు.

"పెళ్లికి వెళ్లే మొహమేనా ఇది?" అంటూ ఫిన్లే టీ కప్పు చేతికిచ్చాడు.

ఆ మాటకు ఇష్బెల్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మా ఇంట్లో ఏ పెళ్లయినా భోజనం ముందు ప్రార్థన మా తాతే చేసేవాడు. పోయిన చలికాలం తాత పోయాడు. ఈసారి నన్ను చెయ్యమంది అమ్మ."

"జనం ముందు భయమా?"

"జనం కాదు. ఇక్కడికొచ్చాక నాకు ప్రార్థన రావడం మానేసింది. వినేవాడు ఉన్నాడో లేడో తెలీదు. తెలిసినట్టు చెప్తే అబద్ధం. చెప్పనంటే అమ్మ గుండె పగులుతుంది."

ఫిన్లే తప్పు కదా అనలేదు. పర్లేదులే అని కూడా అనలేదు.

"మీ తాతగారు ఏం చెప్పేవారు?"

"ముందు బల్ల చుట్టూ అందరి మొహాలూ చూసేవాడు. చేపలు పట్టిందెవరు, దుంపలు తవ్విందెవరు, వండిందెవరు, పేరు పేరునా తలుచుకునేవాడు. ఒకసారి మా పిల్లి పేరు కూడా చెప్పాడు. ఈలోగా సూప్ చల్లారిపోయేది. నాయనమ్మ గిల్లేది."

చెప్తూ చెప్తూ ఇష్బెల్‌కి ఏడుపులోనే నవ్వొచ్చింది.

"ఆ చేపలు పట్టినవాళ్లు, వండినవాళ్లు అబద్ధమా?"

"కాదు."

"అయితే అక్కణ్నుంచి మొదలుపెట్టు. నిజమని నీకు తెలిసిందంతా చెప్పు. ఆ తర్వాత మాట వస్తే రానీ. రాకపోతే కూర్చో. ఎవర్నీ మోసం చేసినట్టు కాదు."

ఇష్బెల్ ముక్కు తుడుచుకుంది. "ఒక్కసారి నాకోసం ప్రార్థన చేయరా?"

ఫిన్లే గడ్డం గోక్కున్నాడు. "నువ్వు చెయ్యి. నేను పక్కన కూర్చుంటాను. నీ బస్సు టైమయ్యేదాకా ఎక్కడికీ పోను."

ఇద్దరూ తలలు వంచుకున్నారు. కెటిల్ చప్పుడు తప్ప ఏమీ లేదు. మాటలేవీ రాకపోయినా చివరికి ఇష్బెల్ మెల్లగా "ఆమెన్" అంది.

"చాలా బాగుంది," అన్నాడు ఫిన్లే.

శుక్రవారం పెళ్లి భోజనాల దగ్గర ఇష్బెల్ లేచి నిలబడింది. కళ్లు మూసుకోకుండా అందరి మొహాలూ చూసింది. గొర్రెమాంసం పంపిన మామ పేరు చెప్పింది. పెళ్లికూతురి గౌను చివరి నిమిషంలో సరిచేసిన అత్త పేరు చెప్పింది. పెళ్లికొడుకు బూట్లు మరిచిపోయి వెనక్కి పరుగెడితే, అతనొచ్చేదాకా పడవ ఆపిన కెప్టెన్ పేరు చెప్పింది. హాలంతా గొల్లున నవ్వింది. పెళ్లికొడుకు కాళ్లు బల్ల కింద దాచుకున్నాడు.

తర్వాత తాత కుర్చీ వైపు చూసింది. అందులో నాయనమ్మ కూర్చుని ఉంది.

ఇష్బెల్ కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. "ప్రభువా" అన్న మాట కూడా దానంతటదే వచ్చింది. ఎవరో వింటున్నారు. ఆ సంగతి ఎదురుగా ఉన్న సూప్ వాసనంత స్పష్టంగా తెలిసింది. ఆమెకు పట్టరాని సంతోషం కలిగింది.

"ఫిన్లే అయ్యగారిని నాకు చూపించినందుకు కూడా వందనాలు," అని ముగించింది.

"ఆమెన్" అంటూ హాలు మారుమోగింది.

"సూప్ చల్లారిపోయింది," అంది అమ్మ కళ్లు తుడుచుకుంటూ. "అచ్చం మీ తాతే."

తర్వాతి మంగళవారం ఇష్బెల్ పెళ్లి కేకు పట్టుకుని ఆ ఇంటికి వెళ్లింది. ఈసారి తలుపు వేలితో తోస్తేనే తెరుచుకుంది. లోపల పాస్టర్లు మెడకు పెట్టుకునే తెల్లపట్టీతో పాస్టరమ్మ ఐల్సా కనిపించింది.

"ఫిన్లే నిన్ననే ఊరు మారాడమ్మా. వాళ్లావిడకి వేరేచోట ఉద్యోగం. వెళ్తూ వెళ్తూ ఆ తలుపు చిత్రిక పట్టి మరీ వెళ్లాడు. నువ్వేనా ఇష్బెల్‌వి? పెళ్లిలో సూప్ చల్లారిందో లేదో కనుక్కుని చెప్పమన్నాడు. ఎందుకని అడిగితే మాత్రం చెప్పలేదు."

"చల్లారిందని చెప్పండి," అంది ఇష్బెల్. కేకు విప్పి ఆమె చేతికి ఒక ముక్క ఇచ్చింది. "పోయిన ప్రార్థన నాకు తిరిగిచ్చారు. థాంక్స్ చెప్పకుండానే బస్సు కోసం పరిగెత్తాను. ఆయనది ఏ చర్చి? ఇకమీదట నేను ఆ చర్చికే వెళ్తాను."

ఐల్సాకి కేకు పొలమారింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

"ఆయనకి చర్చి లేదు తల్లీ. దేవుణ్ని నమ్మని పిల్లలకీ ఒక పెద్దదిక్కు ఉండాలని యూనివర్సిటీ వాళ్లు ఇక్కడ కూర్చోబెట్టిన నాస్తికుడాయన."