ఓడ చెక్కల తలుపు

మా వీధి తలుపు ఒక పాత తెరచాప ఓడ చెక్కలతో చేసింది. మద్రాసులో ఆ ఓడను విప్పుతుంటే మా ఆయన తాత ఆ చెక్కలు కొని తెచ్చాడట. అలాంటి ఓడల్లో నీళ్లు చొరబడకుండా, పనివాళ్లు తారులో ముంచిన నారపీచును చెక్కల సందుల్లో పెట్టి సుత్తితో దిగగొట్టేవాళ్లని ఒక పుస్తకంలో చదివాను. నంద్యాలలో ఆ అవసరం ఎవరికి? సందులు అలాగే ఉండిపోయాయి. రాత్రిపూట వాటిలోంచి వీధిదీపం వెలుగు గీతలుగా లోపల పడుతుంది.

ఈ రాత్రి మా ఆయన ఆళ్లగడ్డలో పెళ్లి చూసుకొని రావాలి. ఆయన ఎటు పోయినా, తిరిగొచ్చేదాకా నాకు మనసు నిలవదు. గీతలు చూస్తూ కూర్చున్నాను.

బయట టక్, టక్ అని చప్పుడైంది. ఒక గీత ఆరిపోయింది. తారు వాసన వచ్చింది.

"ఎవరప్పా ఆడ?"

చప్పుడు పక్క సందుకు జరిగింది. ఇంకో గీత పోయింది.

అన్నీ పోయాక ఆయన గొంతు వినిపించింది.

"జీవమ్మా, తలుపు తీయ్. అప్పుడే నిద్రపోతివా?"

"ఆడ సుత్తితో కొడతాండేది ఎవరు?"

"ఎవరూ లేరు. నీ పుస్తకాల పిచ్చి పాడుగాను, తీయ్ మే!" అని నవ్వాడు.

గడియ తీసి లాగాను. తలుపు గోడలో కలిసిపోయినట్టు కదల్లేదు.

బయట ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఏందీ ఇది? వాన గూడా లేదు. వీధిలోకి నీళ్లొస్తాండాయి."

"యాడిదాకా వచ్చినాయి?"

"మోకాళ్లదాకా. బేగా తీయ్ మే!"

రెండు చేతులతో లాగుతున్నాను. లోపల నా కాళ్ల కింద ఒక్క చుక్క తడి లేదు.