వానలు పడేలోగా గుట్ట

“లెఫ్ట్... రైట్... లెఫ్ట్... అబ్బ, నిదానం! కుర్చీ ఇలా ఊగితే నాకు కడుపులో తిప్పుతుంది.”

చక్రాల కుర్చీలో కూర్చున్న ఆమె మెడ వెనక్కి తిప్పి భర్తను కసిరింది. కుర్చీ తోస్తున్న డ్రిల్లు మాస్టారు వెనకున్న పిడుల్ని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. ఆయన నుదుటి మీద మాత్రం చెమట.

పార్కు గేటు దగ్గరున్న కాపలా మనిషి నవ్వాడు. “తోసేదీ ఆయనే, తిట్లు తినేదీ ఆయనేనా అమ్మగారూ?”

“ముప్పై ఏళ్ళు బడిపిల్లల్ని వరసల్లో నడిపించారయ్యా. ఒక్క కుర్చీని నడిపించలేరా?”

“పోనీ, ఇలా ఇవ్వండి మాస్టారూ. నేను తోస్తా.”

“చెయ్యి తియ్యి!” ఆ కేకకు కాపలా మనిషి ఉలిక్కిపడ్డాడు. “నన్ను ఆయనే తొయ్యాలి. ఇంకెవరూ ముట్టుకోవడానికి వీల్లేదు.”

వాళ్ళ ఇల్లు గేటుకు ఎదురుగానే. వానాకాలంలో ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చారు. వాళ్ళతోపాటు ఆ కుర్చీ కూడా వచ్చింది. ఆ తర్వాత రెండు నెలలు ఇద్దరూ గడప దాటలేదు. చివరికి ఆమే ఒకరోజు గొడవ పెట్టుకుంది.

“నాకు ఊపిరాడటం లేదు. గుట్ట మీదనుంచి ఊరు చూడాలి. కుర్చీలో కూర్చుంటాను, తోయండి.”

పార్కు బాట చెట్ల మధ్యగా వెళ్ళి, చిన్న వంతెన దాటి, మెలికలు తిరుగుతూ గుట్ట ఎక్కుతుంది. గుట్ట అంటే ఎంతో కాదు, రెండు మేడల ఎత్తు. చిన్నపిల్లలు పరుగున ఎక్కేస్తారు.

“మళ్ళీ వానలు పడేలోగా పైకి చేరాలి” అంది ఆమె.

“చేరలేకపోతే?”

“చేరతాం అంటున్నాగా.”

“చేరలేకపోతే ఇక నేను ఈ గేటు ముఖం చూడను. ఇంట్లోనే పడుంటాను. మళ్ళీ రమ్మని నువ్వు నోరెత్తకూడదు.”

“సరే, పందెం” అంది ఆమె. మాస్టారు మాటంటే మాటే అని ఆమెకు తెలుసు. ఆ రాత్రి చాలాసేపు ఆమెకు నిద్ర పట్టలేదు.

చలికాలమంతా మొదటి బెంచీ దాటలేదు. “నడుం పట్టేసింది, ఆపండి” అని ఆమె పది గజాలకోసారి అనేది. ఆయన ఆగేవారు. “ఇక పదండి, ఎంతసేపు?” అని మళ్ళీ ఆమే తొందరపెట్టేది.

ఆకులు రాలే రోజులొచ్చాయి. చక్రాల కింద ఎండుటాకులు గలగలమంటుంటే కుర్చీ వంతెన దాకా వెళ్ళింది. నడకకు వచ్చిన ఆడవాళ్ళు ఆగి మరీ చూశారు.

“ఈ రోజుల్లో పెళ్ళాన్ని ఇలా చూసుకునేవాళ్ళున్నారా! మా ఆయన నా చేతిలో కూరల సంచి కూడా అందుకోడు.”

మాస్టారు తల దించుకున్నారు. వాళ్ళు దాటిపోయాక గొణిగారు. “నాకు సిగ్గుగా ఉందే.”

“సిగ్గెందుకు? ఊరికే పొగుడుతుంటే పొగిడించుకోండి. అదుగో, మీ శిష్యుడొస్తున్నాడు. నిటారుగా!”

మాస్టారు నడుం నిలబెట్టారు. ఎదురొచ్చిన కుర్రాడు ఇప్పటికీ బడిలో ఉన్నట్టే బిగుసుకుపోయి దణ్ణం పెట్టాడు.

ఎండలు ముదిరాయి. గుట్ట మొదటి మెలిక దగ్గర ఒకరోజు కుర్చీ జర్రున వెనక్కి జారింది. ఆమె గబుక్కున బ్రేకు నొక్కింది. కాపలా మనిషి పరుగెత్తుకొచ్చాడు.

“ఎందుకమ్మా ఈ పంతం? నలుగురం పట్టి కుర్చీతో సహా మిమ్మల్ని పైకి చేర్చేస్తాం.”

“మీరు ఎత్తుకెళితే మా పందెం ఏం గాను?”

“నా వల్ల కాదే” అన్నారు మాస్టారు పిడుల మీదికి వాలిపోయి.

ఆ రోజు ఆమె కసరలేదు. మర్నాడు మాత్రం మామూలు వేళకంటే ముందే కుర్చీలో కూర్చుని, “ఆలస్యం చేస్తున్నారు” అని అరిచింది.

ఆకాశం నల్లబడిన పొద్దున వాళ్ళు మళ్ళీ గుట్ట మొదలుకు చేరారు. గాలిలో తడి మట్టి వాసన. ఎక్కడో అప్పుడే వాన పడుతోంది.

“లెఫ్ట్... రైట్...”

మొదటి మెలిక. ఆమె చక్రాలు పట్టుకుని తనూ తిప్పుతోంది. రెండో మెలిక దగ్గర మాస్టారు ఆగి రొప్పారు. కింద ఉన్నవాళ్ళు నడక ఆపి తలలెత్తారు.

“దిగిపోదామా?” అన్నారాయన.

“దిగిపోదాం. రేపటినుంచి గోడ గడియారం చూస్తూ కూర్చుందాం, మీరో మూల, నేనో మూల.”

మాస్టారు పళ్ళు బిగించారు. “లెఫ్ట్” అన్నారు ఈసారి ఆయనే. “రైట్.”

మూడో మెలిక తిరిగింది. చక్రాలు చదును నేల మీదకొచ్చి తేలిగ్గా దొర్లాయి. కింద చప్పట్లు మోగాయి. కాపలా మనిషి ఈల వేస్తూ పైకి పరుగెత్తాడు.

“ఊరు చూస్తానన్నావుగా” అన్నారు మాస్టారు రొప్పుతూనే. “అదుగో, అంచునున్న కమ్మీ దాకా తోస్తానుండు.”

“వద్దు. ముందు మీరెళ్ళి చూడండి. కుర్చీ వదిలేసి.”

ఆయన ముఖం పాలిపోయింది. “ఒక్కణ్ణేనా? పడితే?”

“పడరు. ఐదడుగులు. పదండి.”

మాస్టారు ఒక్కో వేలే విప్పుతూ పిడులు వదిలారు. చేతులు రెండూ గాలిలో తడుముకున్నాయి. ఒక అడుగు. పక్షవాతం ఇంకా పూర్తిగా వదలని ఎడమ కాలు కాస్త ఆలస్యంగా వచ్చింది. రెండో అడుగు. మూడు. కాపలా మనిషి ఈల ఆపేశాడు. నాలుగు. ఐదు. ఆయన కమ్మీ అందుకుని, వెనక్కి తిరిగి, బడి మైదానమంతా వినపడేలా అరిచే గొంతుతో అరిచారు.

“వచ్చేశానే!”

ఆమె కుర్చీలోంచి లేచి పరుగెత్తింది.