ఆళ్లగడ్డ లైను

"నీ హెడ్‌సెట్టు ఎత్తుకపోయి కుందూ ఏట్లో ఏసుకో పో!"

సుగుణమ్మ విసిరిన హెడ్‌సెట్ బల్ల మీద పడి, వైరుతో సహా మిషన్లు బాగుచేసే మహేంద్ర ఒళ్లోకి జారింది. వారంలో ఇది మూడోసారి.

అది 2007. నంద్యాలలో ఓ విత్తనాల కంపెనీ ఫోన్ సెంటర్ పెట్టి ఏడాది అయింది. పదిమంది ఆడవాళ్లు చెవులకు హెడ్‌సెట్లు తగిలించుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా పత్తి రైతులకు ఫోన్లు చేస్తారు. విత్తనం మొలిచిందా, పురుగు పట్టిందా అని అడుగుతారు. ప్రతి మాటా రికార్డవుతుంది. హైదరాబాదులో ఎవరో కూర్చుని వింటారు. నమస్కారం వినబడాలి, పేరు వినబడాలి, ఊరు వినబడాలి, విత్తనం రకం వినబడాలి. ఒక్కటి తెగినా ఆ కాల్ చెల్లదు.

ఈ నెలలో సుగుణమ్మవి నలభై చెల్లలేదు. మిగతా తొమ్మిదిమందివీ కలిపినా పది లేవు.

మేనేజర్ కిరణ్ సుగుణమ్మనూ మహేంద్రనూ పిలిచి నిలబెట్టాడు. "శనివారం లోపల తేలాలి. మిషన్ తప్పయితే మహేంద్ర ఇంటికి. మనిషి తప్పయితే నువ్వు ఇంటికి."

కిరణ్‌కు ఎదురు చెప్పేవాళ్లు అక్కడ లేరు. పోయిన నెల ఒకామె అలవాటు కొద్దీ ఓ రైతును "మామా" అని పిలిచింది. పల్లెటూరి వేషాలు ఇక్కడ కుదరవని, ఆమెను అందరి ముందూ ఏడిపించి మరీ పంపేశాడు.

మహేంద్రకు ఒళ్లు మండిపోయింది. ఈ మరమ్మతు పని కోసం డోన్‌లో సొంత షాపు మూసుకుని వచ్చాడు. ఇది కూడా పోతే మళ్లీ టేపురికార్డర్లు బాగుచేసుకోవాలి. వాటిని తెచ్చేవాళ్లు మాత్రం ఎక్కడున్నారు? మైకు మీది స్పాంజి మార్చాడు. జాక్ మార్చాడు. కంప్యూటర్ వెనక వైర్లన్నీ ఊడదీసి మళ్లీ బిగించాడు. మైకును పెదాలకు రెండు వేళ్ల దూరంలో పెట్టుకోమన్నాడు.

"యాడ పెట్టుకోవాల్నో నాకు తెలుసు. దూరం జరుగు."

"నీ మంచికే చెప్తాండా అక్కా."

"నీ మంచి నీ కాడే పెట్టుకో. వైరు చూసుకో, నా మొగం చూడాకు."

మొండి ఘటం. మహేంద్ర పళ్లు కొరుక్కుంటూ పాత రికార్డులు పెట్టుకుని విన్నాడు. తెగినవాటిలో ముప్పాతిక వంతు ఆళ్లగడ్డ వైపు చేసినవే. హమ్మయ్య అనుకున్నాడు. తప్పు అటు మిషన్‌దీ కాదు, ఇటు మనిషిదీ కాదు, లైనుది. గురువారం బస్సెక్కి ఆళ్లగడ్డ పోయాడు.

కాల్ తెగిన రైతుల ఇళ్లు ఐదు తిరిగాడు. ఐదుగురూ ఓబులేసులే. అహోబిలం స్వామి పేరే అది; ఆయన కాళ్ల కింది ఊళ్లు కదా, వీధిలో నిలబడి ఆ పేరు కేకేస్తే నలుగురు తలుపులు తీస్తారు. ఏ ఓబులేసు ఇల్లు ఎక్కడో కనుక్కోవడానికే పూట పట్టింది.

"ఫోనెత్తుతానే మాట మింగినట్టు అయితాదప్పా," అన్నాడు చివరి రైతు. "ఆ మీదట గంట కొట్టినట్టు ఇనపడ్తాది. మంచి గొంతు ఆయమ్మది. ఆమెను తీసెయ్యాకండి."

మహేంద్ర ఆ ఇంటి ఫోన్ నుంచే నంద్యాలకు మాట్లాడి చూశాడు. లైనులో చిన్న గరగర కూడా లేదు. తిట్టుకుంటూ తిరుగు బస్సెక్కాడు.

శనివారం వచ్చింది. ఇక మిగిలింది ఒకటే దారి. కిరణ్ ఎదుటే సుగుణమ్మ హెడ్‌సెట్ తీయించి, పక్క సీటు మద్దమ్మకు పెట్టించాడు. అదే హెడ్‌సెట్, అదే కంప్యూటర్, ఆళ్లగడ్డలో తను చివరగా కలిసిన అదే రైతు.

"నమస్కారం ఓబులేసు గారూ, నంద్యాల నుంచి మాట్లాడుతున్నాం," అంది మద్దమ్మ. స్పీకర్లో ప్రతి అక్షరం ఖంగుమంది.

"ఇప్పుడు నువ్వు," అన్నాడు కిరణ్.

సుగుణమ్మ హెడ్‌సెట్ పెట్టుకుని ముఖం గోడవైపు తిప్పుకుంది.

"నమస్కారం..." తెగింది. "...గారూ, నంద్యాల నుంచి మాట్లాడుతున్నాం."

"చూసినారా సార్!" మహేంద్ర ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఆడలేక మద్దెల ఓడంట! ఈమె కావాల్నే మింగుతాంది. వారం దినాలు నా పానం తీసింది."

కిరణ్ బల్ల మీద గుద్దాడు. "తెర మీద ఉన్నది ఉన్నట్టు చదువు."

"చదవను."

"ఏం, నోరు పడిపోయిందా?"

"చదవనంటే చదవను."

అంతే. ఆమె పని ఊడింది. మహేంద్రకు ఆ వారంలో మొదటిసారి టీ రుచిగా అనిపించింది.

పని మానుకుంటున్నట్టు కాగితం నింపాలి. సుగుణమ్మ పెన్ను ముట్టనంది. కిరణ్ ఆ పని మహేంద్రకే పురమాయించాడు. మహేంద్ర టీ తాగుతూ, కాలు మీద కాలేసుకుని, గడి తర్వాత గడి అడిగాడు. పేరు చెప్పింది. చదువు ఇంటర్ అని చెప్పింది. ఊరు చెప్పింది. నాలుగో గడి దగ్గర మాత్రం నోరు మెదపలేదు. రెండుసార్లు అడిగాడు. మూడోసారి గద్దించాడు.

సుగుణమ్మ సంచీలోంచి ఓటరు కార్డు తీసి అతని ముందుకు తోసి, ఒకచోట వేలు పెట్టింది.

ఆ వేలి పైన "భర్త పేరు" అని, కింద "ఓబులేసు" అని ఉంది.