సార్‌కి నచ్చని సైటు

"అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చెయ్యమ్మా. ఇవేం ఆనతాయి కంటికి?" అన్నారు సుందరరాజు సార్.

హెప్సిబా పళ్ళు బిగబట్టింది. నిన్ననే పెంచింది. మొన్న కూడా పెంచింది.

తిరువూరు బస్టాండు దగ్గర, మందుల షాపు పైన మేడ మీద ఉంది సార్ నడిపే కంప్యూటర్ సెంటర్. ఎ.కొండూరు నుంచి రోజూ బస్సులో వచ్చి అక్కడ వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్చుకుంటోంది హెప్సిబా. కోర్సు చివర్లో ప్రతివాళ్ళూ సొంతంగా ఒక సైటు చెయ్యాలి. సార్ బాగుందంటేనే అది జనంలోకి వెళుతుంది.

మిగతావాళ్ళు బట్టల షాపులకీ, ఫంక్షన్ హాళ్ళకీ చేశారు. హెప్సిబా రక్తదాతల కోసం చేసింది. ఊరు, రక్తం గ్రూపు నొక్కితే చాలు, దగ్గర్లో ఎవరు ఇవ్వగలరో ఫోన్ నంబర్లతో సహా వచ్చేస్తుంది.

పోయినేడు అక్క గ్లోరికి కాన్పు కష్టమైంది. రక్తం కోసం నాన్న యేసుదాసు తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. దొరికేసరికి ఆలస్యమైపోయింది. బిడ్డ దక్కింది. అక్క దక్కలేదు.

అందుకే సార్ ఈ సైటుకి వంక పెట్టినప్పుడల్లా అక్కనే ఏదో అన్నట్టు గుచ్చుకునేది.

అక్షరాలు పెంచింది.

"ఈ లేత రంగు మీద తెల్ల అక్షరాలేంటి? కలిసిపోతున్నాయి."

రంగు మార్చింది. వెనక ఎరుపు ముదురుగా వేసింది.

ఆ తర్వాత సార్ అసలు దగ్గరికే రాలేదు. ఒకప్పుడు ఒక్కొక్కరి పక్కన కూర్చుని, మౌస్ తనే పట్టుకుని చూపించే మనిషి. ఇప్పుడు కుర్చీలోంచి లేవడం లేదు.

"అందులో ఏముందో చదివి వినిపించు" అన్నారు, కిటికీ వైపు తిరిగి.

చదివింది.

"ఫోన్ నంబరు అంత కిందెందుకు? పైకి తీసుకురా. దీన్ని చూసేవాళ్ళు ఆస్పత్రి వరండాలో ఉంటారమ్మా. కళ్ళనిండా నీళ్ళుంటాయి. వాళ్ళకి కూడా కనపడాలి."

మాట నిజమే. కానీ ఇటు తిరిగి చూడనైనా చూడకుండా చెప్పడమే ఆమెకి మండింది.

"సార్‌కి ఈమధ్య దేనిమీదా మనసు లేదు. బండి కూడా అమ్మేశారంట. సెంటర్ ఎత్తేస్తారేమో" అన్నాడు పక్క సీటులోని చరణ్, గొంతు తగ్గించి.

మర్నాడు సార్ ఇంకో మార్పు చెప్పబోతుంటే హెప్సిబా ఆగలేకపోయింది.

"మీరసలు చూడకుండానే బాలేదంటున్నారు సార్! మా అక్క పోయిందని చేస్తున్నా దీన్ని. మీకేమో ఆటలా ఉంది. ఒక్కసారి, ఒక్కసారి వచ్చి చూడండి!"

సార్ మొహం పాలిపోయింది. చేతిలో మార్కర్ పెన్నుని కాసేపు అటూ ఇటూ తిప్పారు.

"రేపు కాస్త ముందే రా. చూస్తాను."

ఇంటికెళ్ళి జరిగింది చెబితే యేసుదాసు చివాట్లు పెట్టాడు. "చదువు చెప్పే మనిషిని అంత మాటంటావా? ముందెళ్ళి సారీ చెప్పు."

పొద్దున ఆమె వెళ్ళేసరికి సెంటర్లో సార్ ఒక్కరే ఉన్నారు. హెప్సిబా తన సీటు దగ్గరికి వెళ్ళి సీపీయూ బటన్ నొక్కింది. లోపలి ఫ్యాను గుర్రుమంది.

ఆ చప్పుడుకి సార్ లేచారు. ఒక్కొక్క కుర్చీ మీదా చెయ్యి వేసుకుంటూ మెల్లగా వచ్చి పక్కన కూర్చున్నారు.

"నిన్న అలా అనకుండా ఉండాల్సింది. సారీ సార్."

"నీ కోపంలో తప్పేముందమ్మా" అంటూ ఆయన మొహం ఆనిపోయేంత దగ్గరగా మానిటర్ మీదికి వంగారు. చాలాసేపు అలాగే ఉండి, తల ఊపారు.

"ఇప్పుడు బాగుంది. అక్షరాలు పెద్దగా, స్పష్టంగా ఉన్నాయి. ఆ ఎరుపు కూడా భలే కుదిరింది. ఇంకేం మార్చొద్దు. ఇవాళే జనంలోకి వదిలేద్దాం."

ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ ఎదురుచూసింది హెప్సిబా. తీరా విన్నాక ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మానిటర్ స్విచ్చి ఆమె ఇంకా వెయ్యనేలేదు.