మెడనొప్పి తగ్గింది

"అబ్బ, ఎంత మంచిగ చేస్తున్నవ్ జితూ," అంది గీతాంజలి, కిటికీ దగ్గర చేతులు పైకెత్తి ఒళ్లు విరుచుకుంటున్న మొగుణ్ణి చూసి.

అమెరికాలో, మోరిస్‌విల్‌లోని ఆ అపార్ట్‌మెంట్‌లో ఒకే గదిలో ఇద్దరి ఆఫీసులూ. నిటారుగా కూర్చో, గంటకోసారి లేచి నడువు అని ఆమె రెండేళ్లుగా మొత్తుకుంటూనే ఉంది. "లేస్తే పని ఎవరు చేస్తరు?" అంటూ జితేందర్ కొక్కెంలా వంగి కూర్చునేవాడు. ఈ వారం మాత్రం ఎవరూ చెప్పకుండానే లేస్తున్నాడు.

"మెడనొప్పి ఎట్లుంది?"

"పోయింది."

"నా మాట వింటే ఎప్పుడో పోయేది." గెలిచిన మొహంతో ఫోన్ అందుకుంది. "వచ్చే నెల ఫిజియోథెరపీ కాన్సిల్ చేసేస్తున్న."

"చెయ్యి. ఎట్లాగూ నా ఇన్సూరెన్స్ ఈ నెలాఖరు దాకనే."

ఆమె వేలు ఫోన్ మీదే ఆగిపోయింది. అతని స్క్రీన్ నల్లగా ఉంది. ఎన్నాళ్ల నుంచి అలా ఉందో, తన స్క్రీన్ మీంచి తలెత్తి చూస్తే కదా.

"జాబ్ ఎప్పుడు పోయింది?"

"సోమవారం. నీ ప్రాజెక్ట్ రిలీజ్ అయినంక చెప్దామనుకున్న."

"మరి వీసా?"

"నీ వీసా మీదికి మారుత. నీ జాబ్ ఉంది కదా."

ఇంతలో ఆమె మీటింగ్ అలారం మోగింది. జితేందర్ తన ఖరీదైన కుర్చీని తోసుకొచ్చి, ఆమెను అందులో కూర్చోబెట్టి, భుజాలు వెనక్కి సర్దాడు.

"నిటారుగ కూర్చో. గంటకోసారి లేస్తుండు."

గీతాంజలి అప్పటికే స్క్రీన్ మీదికి వంగిపోయింది.

"లేస్తే పని ఎవరు చేస్తరు?" అంది.