పుర్రచేతి తుపాకి

"బహెన్, ఒక గాజు తీసియ్యి" అన్నాడు తుపాకుల ఉస్తాద్.

నేను చెయ్యి కొంగులోకి లాక్కున్నాను.

పత్తర్‌గట్టి వెనక సందులో ఆయన దుకాణం. గోడల నిండా తుపాకులు, లోపలంతా నూనె వాసన. ఆడవాళ్లు గడప తొక్కే చోటు కాదు. తమ్ముడు ప్రహ్లాద్‌తో వచ్చి, ముక్కాలిపీట మీద కూర్చున్నాను.

"గాజెందుకు?"

"నీ తమ్మునికి గురికి ఏ కన్ను పెద్దదో చూద్దాం. ఫికర్ చెయ్యకు, పలగదు."

చెయ్యి ముడిచి, పిసికి పిసికి ఒక గాజు తీసిచ్చాను.

ప్రహ్లాద్ దాన్ని ముందుకు చాపి పట్టుకున్నాడు. ఉస్తాద్ నన్ను ఎదురుగోడ దగ్గర నిలబెట్టాడు.

"రెండు కండ్లు తెరిచి, గాజులకెల్లి అక్కను చూడు. ఆఁ. ఇప్పుడు ఎడమ కన్ను ముయ్యి. ఉన్నదా?"

"లేదు. గోడ కనవడుతుంది."

"ఎడమది తెరిచి, కుడి కన్ను ముయ్యి."

"ఆఁ, ఉన్నది. మూతి ముడుసుకొని ఉన్నది."

ఉస్తాద్ నవ్వాడు.

"నీ కన్ను ఎడమది, చెయ్యి ఎడమది. ఇన్ని రోజులు కుడి బుజానికి ఆనిచ్చి కొడితే గురి యాడ తాకుతది బేటా?"

ప్రహ్లాద్ ఎడమచేతిని అంగీ కిందికి దాచుకున్నాడు. చిన్నప్పటి అలవాటు.

అమ్మ పోయేనాటికి వాడు ఇంకా పాకుతున్నాడు. అన్నానికి ఎడమచెయ్యి చాపితే, ఆ చేతికి పాతగుడ్డ కట్టమని బాపు నాకు చెప్పేవాడు. నేను ముడి వదులుగా వేసేదాన్ని.

బాపు అటు తిరగగానే వాడు చెయ్యి బయటికి తీసి, నాకు చూపించి, మళ్లీ గుడ్డలో పెట్టుకునేవాడు.

నా పెళ్లయ్యాక నా వెంటే జహనుమాలోని మా అత్తారింటికి వచ్చాడు. "అల్లునికి పెట్టిన సామాన్ల బామ్మర్ది గూడ ఉన్నడు" అని మా ఇంటాయన అందరికీ చెప్పి నవ్వించేవాడు.

ఇప్పుడు వాడు ఒక నవాబుగారి పెద్ద ఇంట్లో, దేవిడీలో, గుర్రాలు చూస్తాడు. నవాబుగారికి చాందమారి పిచ్చి. ఫలక్‌నుమా గుట్ట కింద మైదానంలో నౌకర్లందరి చేతా గురి కాల్పిస్తాడు. ఈసారి తన ఖర్చుతో ఉస్తాద్ దగ్గర తలా ఒక తుపాకి ఎంచుకొమ్మన్నాడు. పందెంలో గెలిచినవాళ్లను పల్టన్‌లో సిపాయిలుగా చేర్పిస్తానన్నాడు.

సముద్రాల అవతల లడాయి నడుస్తున్న రోజులవి.

పోయిన లడాయికి మా పెద్దన్న అంజన్ వెళ్లాడు. నాంపల్లిలో రైలు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఆ తర్వాత మనిషీ రాలేదు, కబురూ రాలేదు.

చాందమారిలో గురి తప్పితే ఎర్రజెండా ఊపుతారు. ఇన్నాళ్లూ ప్రహ్లాద్ కాల్చిన ప్రతిసారీ ఎర్రజెండానే. తోటివాళ్లు వాడిని ఎర్రజెండా ప్రహ్లాద్ అని పిలిచేవాళ్లు. వాడు ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాదు.

నేను మాత్రం కడుపునిండా తినేదాన్ని.

ఉస్తాద్ రెండు తుపాకులు బల్ల మీద పెట్టాడు.

ఒకటి కొత్తది, తళతళలాడుతోంది. కుడిపక్కన తలుపు గొళ్లెంలాంటిది ఉంది. తూటా పేల్చిన ప్రతిసారీ ఆ గొళ్లెం లాగాలి.

"దేవిడీ పిల్లలందరు ఇదే తీస్కపోయిన్రు. పుర్రచేతోనికి మాత్రం లొల్లి. చెయ్యి మీదికెల్లి తిప్పి లాగాలె. లాగినప్పుడల్లా గురి కదుల్తది."

రెండోది పాతది. కట్టె రంగు వెలిసింది. గొళ్లెం లేదు, కింద ఒక మీట ఉంది. మీట కిందికి గుంజితే ఖాళీ తూటా జారి పడుతుంది.

"దీనికి కుడి, ఎడమ లేదు. ఏ చెయ్యైనా ఒకటే."

ప్రహ్లాద్ పాతదాన్ని ఎడమ బుజానికి ఆనించాడు. చెంప కట్టెకు తగిలింది. వాడి ఒళ్లంతా ఒక్కసారి నిమ్మళించింది. చిన్నప్పుడు నా ఒడిలో నిద్రపట్టే ముందు అట్లాగే అయ్యేవాడు.

వెంటనే దించేశాడు.

"అందరు కొత్తది తెచ్చుకుంటే నేను గీ ముసలిదాన్ని పట్టుకపోతే నవ్వుతరక్కా. గీ కొత్తదే తీస్కుంట."

నేను కొత్త తుపాకి గొళ్లెం వైపు చూశాను.

"ఏందక్కా? నువ్వే చెప్పు. నువ్వు ఏదంటే అది."

తలుపు బయట టాంగా ఒకటి గంట కొట్టుకుంటూ పోయింది.

కొత్తది అంటే చాలు. ఎర్రజెండా ఊగుతూనే ఉంటుంది. వాడు సాయంత్రానికి ఇంటికి వస్తాడు, అన్నం ముందు మూతి ముడుచుకొని కూర్చుంటాడు, నేను తిట్టి తినిపిస్తాను. ఏళ్లకేళ్లు.

వాడి ఎడమచెయ్యి మళ్లీ అంగీ కిందికి పోయింది.

"చెయ్యి బయటికి తియ్‌రా" అన్నాను.

తీశాడు.

"మీటది తీస్కో."

"నవ్వితే?"

"నవ్వనియ్యి. నీ చెయ్యి నీది."

తిరిగి వస్తుంటే తుపాకిని గుడ్డలో చుట్టి ఎడమచంకలో పెట్టుకొని నడిచాడు. గాజు ఇంకా వాడి వేలికే వేలాడుతోంది.

"అక్కా, గెలిస్తే పోవాలె. ఎరుకేనా?"

"ఎరుకే."

"మరి గట్లెందుకు చెప్పినవే?"

"ముందల ఎడ్లబండి వస్తుంది, చూస్కొని నడువు."

వాడు బండికి దారిచ్చి, గాజును వేలి చుట్టూ తిప్పాడు.

"గీ గాజు నా దగ్గరే ఉండనియ్యే."

"ఆడిపిల్లవా, ఏస్కుంటవా?"

"నువ్వు యాడున్నవో గీ గాజులకెల్లి చూస్కుంట."

పందెం నాడు ఇళ్లకు పాలు పోసి వస్తూ మైదానం గోడ పక్కన ఆగాను. బిందె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ప్రహ్లాద్ పేరు పిలిచారు. వాడు ఎడమ బుజానికి ఆనించగానే ఎవరో నవ్వారు.

తుపాకి పేలింది. మళ్లీ పేలింది. పేలుతూనే ఉంది.

ఎర్రజెండా లేవలేదు.

వాడు వెనక్కి తిరిగి, గోడ దగ్గర నన్ను వెతికి, ఎడమచెయ్యి పైకెత్తి చూపించాడు. మైదానమంతా చూస్తుండగా.

నేనూ చెయ్యి ఎత్తాను.

మర్నాడు ఎండ రాగానే, వాడి బట్టలు సర్దడానికని అటక మీది ట్రంకుపెట్టె దించి, మూత తెరిచి వాకిట్లో పెట్టాను.