బొగ్గు గీత

మళ్ళీ నీళ్ళు తగ్గాయి.

బయమ్మ డ్రమ్ములోకి తొంగి చూసి లబలబలాడింది. ట్యాంకరు వచ్చింది నిన్న పొద్దున. మళ్ళీ వచ్చేది ఆదివారమే. అప్పుడే సగం ఖాళీ! ఊళ్ళో బోర్లన్నీ ఎండిపోయిన ఈ కాలంలో బంగారం పోయినా ఓర్చుకోవచ్చు గానీ, నీళ్ళు పోతే ఎవరు ఓర్చుకుంటారు?

మొగుడు తిప్పేష్ తెల్లారగానే ఆటో తీసుకుని కళ్యాణదుర్గం పోతాడు. చీకటి పడ్డాకే రాక. ఇంట్లో ఉండేది తనూ, ఏడాది నిండని బిడ్డా. ఆ బిడ్డ తాగి డ్రమ్ము ఖాళీ చేస్తుందా?

నీళ్ళు సరే, బండ మీద పెట్టిన సబ్బు కూడా మాయమవుతోంది. ఇదెక్కడి దొంగతనమో, సిగ్గు లేకపోతే సరి!

బయమ్మ తెలివితక్కువది కాదు. డ్రమ్ము లోపల, నీళ్ళున్న మట్టానికి బొగ్గుతో గీత గీసింది. చేతికంటిన మసి కడుక్కుంది. దొంగ కాళ్ళ గుర్తులు పడాలని డ్రమ్ము చుట్టూ పొయ్యిలోని బూడిద చల్లింది. ఆ బూడిదా కడుక్కుంది. వేరుశనగ విత్తనాలకు పురుగుమందు కలిపిన చేతులు కూడానూ. శుభ్రం లేకుండా పసిబిడ్డను ఎట్లా ఎత్తుకుంటుంది? సబ్బుతో బాగా రుద్దుకుని, బిడ్డను చంకనేసుకుని లోపలికి పోయింది.

మధ్యాహ్నానికి నీళ్ళు గీతకు జానెడు కిందికి దిగాయి. బూడిదలో కాళ్ళ గుర్తులు. చిన్న పాదాలు, ఆడమనిషివే.

ఈ వాకిట్లోకి అడగకుండా వచ్చే ఆడమనిషి ఒక్కతే. ఎదురింటి తిరుపాలమ్మ.

కాన్పయ్యాక బయమ్మకు పాలు పడకపోతే, తన బిడ్డతో పాటు ఈ బిడ్డకూ రొమ్మిచ్చిన మనిషి తిరుపాలమ్మ. తోడబుట్టినవాళ్ళు కూడా అంత చేయరు. అట్లాంటిది వెనకనుంచి ఇంత పని చేస్తుందా? నమ్మించి గొంతు కోయడమంటే ఇదే కదా! ఏడుపు తన్నుకొచ్చింది. మొహమూ చేతులూ కడుక్కుని వీధిలోకి దూకింది.

“ఏమే తిరుపాలూ! నీళ్ళు కావాలంటే అడిగితే ఇయ్యనా? దొంగతనంగా ముంచుకపోయేదానికి సిగ్గు ల్యా?”

ఇన్నాళ్ళూ తిరుపాలమ్మను ‘అక్కా’ అని తప్ప పిలవని నోరు అది. తిరుపాలమ్మ చేతిలోని చేట పక్కన పెట్టింది.

“నేనా? నీ ఇంట్లో నీళ్ళా?”

“కాళ్ళ గుర్తులు పడిండాయి. ఇంగెవరు వస్తారు ఈడికి?”

వీధంతా బయటికొచ్చి చూస్తోంది. తిరుపాలమ్మ మొహం నల్లబడింది.

“నీ బిడ్డకు పాలిచ్చినప్పుడు దొంగను గాదు. బిందెడు నీళ్ళకు దొంగనైనానా? సరే. ఆదివారం ట్యాంకరు రానీ. పొద్దుగూకే దాకా నా గడపలోనే కూర్చుంటా. నీ డ్రమ్ము దగ్గరికి ఎవరొస్తారో చూస్తా.”

ఆదివారం డ్రమ్ము నిండింది. తిరుపాలమ్మ అన్నట్టే కూర్చుంది. బయమ్మ ఆమె మొహం చూడలేదు. తన పనులు తనవి. మేకకు మేత వేసి, చేతులు కడుక్కుని పొయ్యి వెలిగించింది. కారం తగిలి వేళ్ళు చుర్రుమంటున్నా పళ్ళ బిగువున పచ్చడి నూరింది. మళ్ళీ శుభ్రంగా కడుక్కుని బిడ్డకు అన్నం కలిపింది.

మధ్యాహ్నం ఆశా కార్యకర్త సునంద వచ్చి తిరుపాలమ్మ పక్కన కూర్చుంది. ఇద్దరూ తనవైపే చూస్తూ గుసగుసలు. బయమ్మకు ఒళ్ళు మండిపోయింది. చేసింది చాలక, ఊరినంతా తన మీదికి కూడగడుతోందా?

పొద్దుగూకింది. బయమ్మ చెంబు ముంచబోతే డ్రమ్ము అడుగు తగిలింది.

“అయ్యో, అయ్యో! నువ్వు కూర్చోనుండంగానే అయిపోయినాయే! ఎవరొచ్చినారు? చెప్పు!”

తిరుపాలమ్మ వీధి దాటి వచ్చింది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు.

“ఒక్క మనిషే వచ్చింది. పొద్దన్నుంచి మళ్ళీ మళ్ళీ వచ్చింది. రేపు ఆ మనిషిని అనంతపురం ఆసుపత్రికి పిల్చుకపోదాం. పిచ్చి గాదంట, నయమైతాదంట. సునంద చెప్పింది.”

“దొంగకు ఆసుపత్రేందే? పేరు చెప్పు!”

తిరుపాలమ్మ పేరు చెప్పలేదు, సబ్బు నురగ ఇంకా ఆరని బయమ్మ చేతులు రెండూ పట్టుకుని, తోలు ఊడి నెత్తురు ఊరుతున్న ఆ వేళ్ళను మెల్లగా విప్పి, “విత్తనం మొలిచి పూతకు కూడా వచ్చింది గదే, ఈ చేతుల్లో మందు ఇంగా పోలేదా?” అంది.